స్లో నిలబడని బండి

(ప్రవాస తెలుగువారి వారాంతపు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

ఒమాన్ రాజధాని మస్కట్ నుంచి మాట్లాడుతున్నాను. కార్యక్రమం నిర్వహించే మిత్రులు ఫోన్ చేసి, "మీకు బాగా తెలిసిన విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నాకు బాగా తెలిసింది బ్యాంకుల సాఫ్ట్‌వేర్. దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే చివరికి రేడియో పెట్టెలు తప్ప శ్రోతలెవరూ మిగలరు. అందుకని నాకు కాస్త ఆలస్యంగా, కాస్త ఖరీదుగా తెలిసిన విషయం గురించి చెబుతానన్నాను. అది కార్బురేటర్.

నవ్వకండి. మీలో చాలామంది చిన్నప్పుడు నాన్నగారి స్కూటర్ వెనకో, బాబాయి మోటార్ సైకిల్ ముందు ట్యాంకు మీదో కూర్చుని తిరిగినవాళ్ళే. పొద్దున్నే బండిని పక్కకి వంచి, నాలుగు కిక్కులు కొట్టి, "స్లో నిలబడట్లేదు, మెకానిక్ కి చూపించాలి" అని గొణుక్కున్న పెద్దమనిషి ప్రతి తెలుగింట్లోనూ ఉన్నాడు. ఆ "స్లో" గురించే ఇవాళ్టి కబుర్లు.

మా నాన్నగారు గుంటూరులో టూ వీలర్ మెకానిక్. చిన్న రేకుల షెడ్డు. ముందు వేపచెట్టు, లోపల కిరసనాయిలు వాసన. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి వచ్చింది. 1996 దాకా తయారైంది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. నా బాల్యమంతా ఆ బండి శబ్దమే. వీధి చివర ఎవరిదైనా వస్తుంటే నాన్న చూడకుండానే "మెయిన్ జెట్ లో చెత్త పడింది" అనేవారు. బండి వచ్చి ఆగేది, కార్బురేటర్ విప్పితే నిజంగానే చెత్త ఉండేది. నాకది మంత్రంలా కనిపించేది. పెద్దయ్యాక మాత్రం ఆ నూనె చేతులంటే కొంచెం సిగ్గు పట్టుకుంది. ఆయన కోరికా నేను చదువుకోవాలనే. బీటెక్, ఆ పైన ఎమ్మెస్, తర్వాత హైదరాబాదులో ఉద్యోగం, ఆ తర్వాత ఇక్కడ మస్కట్. ఆ షెడ్డులో పదిహేనేళ్ళు కూర్చుని నేను నేర్చుకున్నది స్పానర్ల సైజులు అందించడం ఒక్కటే.

సరే, కథలోకి వెళ్ళే ముందు ఈ కార్బురేటర్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. లెక్క ప్రకారం ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్ళు కలిపే వంటవాడే కార్బురేటర్. ఇంజను గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి మధ్యలో సన్నబడిన గొట్టంలోంచి వెళుతుంది. సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు ఆ తగ్గిన పీడనానికి సన్నటి ఇత్తడి కన్నాల్లోంచి పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఆ ఇత్తడి కన్నాలనే జెట్లు అంటారు. జెట్ మీద అంకె చెక్కి ఉంటుంది. అంకె పెద్దదైతే కన్నం పెద్దది, పెట్రోలు ఎక్కువ.

పెట్రోలు ఎక్కువైతే చిక్కటి మిశ్రమం. బండి పొగ వదులుతుంది, ప్లగ్గు నల్లగా తడిగా అవుతుంది, పికప్ మొద్దుబారుతుంది. పెట్రోలు తక్కువైతే పలచటి మిశ్రమం. ప్లగ్గు తెల్లబడుతుంది, ఇంజను మామూలుకన్నా వేడెక్కుతుంది. చిక్కనైతే బండి బద్ధకిస్తుంది. పలచనైతే బండి చస్తుంది. ఇది నాన్న మాట. ముఖ్యంగా టూ స్ట్రోక్ ఇంజన్లలో ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తే, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. వేడి పెరిగి, జిడ్డు తగ్గి, పిస్టను సిలిండరులో పట్టేస్తుంది.

ఇంకొక్క సంగతి. కార్బురేటర్ ఒక్కటే అయినా అందులో పనిచేసేవాళ్ళు నలుగురు. ఆక్సిలరేటర్ వదిలేసినప్పటి నుంచి సుమారు పావు వంతు దాకా పైలట్ జెట్టూ, ఎయిర్ స్క్రూ పని చేస్తాయి. మనవాళ్ళు దీన్నే స్లో జెట్ అంటారు. ఆ కొంచెం పైన స్లైడుకి అడుగున కోసిన వాలు. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ముప్పావు దాటాక మెయిన్ జెట్. వీళ్ళ సరిహద్దులు కచ్చితంగా గీత గీసినట్టుండవు, ఒకరి పనిలోకి ఇంకొకరు కొంచెం వస్తారు. కానీ బండికి ఎక్కడ జబ్బో తెలియాలంటే మొదట అడగాల్సింది, "ఆక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు వస్తోంది?" అనే. స్లోలో జబ్బుంటే మెయిన్ జెట్ మార్చి లాభం లేదు. కడుపు నొప్పికి కంట్లో చుక్కలు వేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఒమాన్ కి వద్దాం. ఇక్కడ ఎండల సంగతి చెప్పక్కర్లేదు. 2018 జూన్ 26న మస్కట్ కి దక్షిణంగా ఉన్న ఖురయ్యాత్ లో ఉష్ణోగ్రత రాత్రి పూట కూడా 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. ఆ రోజుకి అది ప్రపంచంలో రికార్డు. కానీ జనవరిలో ఇదే దేశంలో ఎడారిలో తెల్లవారుజామున స్వెట్టరు వేసుకోవాలి. మస్కట్ నుంచి ఇబ్రా మీదుగా రెండున్నర, మూడు గంటలు వెళితే బిదియా వస్తుంది. అక్కడి నుంచి షర్కియా ఇసుక తిన్నెలు మొదలవుతాయి. వహీబా శాండ్స్ అనే పాత పేరే ఇంకా ఎక్కువమంది నోట్లో ఉంది. పన్నెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఇసుకే. వంద మీటర్ల ఎత్తు తిన్నెలు కూడా ఉన్నాయి. చలికాలం సెలవుల్లో మనవాళ్ళు కుటుంబాలతో అక్కడ క్యాంపులకు వెళ్ళడం మామూలే.

2022 ఆగస్టులో నేనూ, ఆఫీసులో మరో ఇద్దరు మిత్రులూ కలిసి పాత క్వాడ్ బైక్ ఒకటి కొన్నాం. అంటే నాలుగు లావుపాటి చక్రాల ఇసుక బండి. 200 సీసీ, ఒకే సిలిండరు, టూ స్ట్రోక్, గాలితో చల్లబడే ఇంజను. చూడగానే నాకు మా షెడ్డు గుర్తొచ్చింది. అమ్మినాయన చెప్పకుండా దాచినవి రెండున్నాయి. ఒకటి, పెట్రోలు కలిసొస్తుందని పైలట్ జెట్ చిన్నది వేశాడు. రెండు, ఆక్సిలరేటర్ వదిలేసినా స్లైడు కిందికి దిగకపోతే ఇంజన్ని ఆపేసే రక్షణ ఏర్పాటొకటి అలాంటి కొన్ని బండ్లకి తయారీలోనే వస్తుంది. అది తరచు మొండికేస్తోందని పీకి పారేశాడు.

కొన్న వారానికే స్లో నిలబడడం మానేసింది. సిగ్నల్ పడ్డ ఆటోలా గుడగుడమని ఆగిపోయేది. నేనేం చేశాను? స్క్రూడ్రైవర్ తీసి ఐడిల్ స్క్రూని రెండు చుట్లు బిగించాను. అంటే స్లైడుని కొంచెం పైకి లేపి పెట్టానన్నమాట. బండి చక్కగా నిలబడింది. ముగ్గురం చప్పట్లు కొట్టుకున్నాం. నేనేమో మెకానిక్ కొడుకుని కదా, ఆ సాయంత్రం నా ముఖం వెలిగిపోయింది.

ఆ తర్వాత జనవరి. 2023. మా బావమరిది హైదరాబాదు నుంచి చుట్టపు చూపుగా వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, హుషారైనవాడు. నాలుగు కుటుంబాలం బిదియా వెళ్ళాం. బండిని పికప్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళాం. రాత్రి క్యాంపులో మంట చుట్టూ కూర్చున్నాం, పాటలూ, పులిహోరా, అన్నీ అయ్యాయి. పొద్దున్నే ఆరున్నరకి నేనొక్కణ్ణే లేచి బండి స్టార్ట్ చేశాను. చోక్ లేకుండా అసలు స్టార్ట్ కాలేదు. వేడెక్కాక ఒకసారి రేజ్ చేసి వదిలాను. శబ్దం కిందికి దిగలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టేదాకా పైనే ఉండి, అప్పుడు నెమ్మదిగా దిగింది.

అది నేను విన్నాను. ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. విన్నాను, "చలికి కాబోలు" అనుకున్నాను, ఐడిల్ స్క్రూ అర చుట్టు వెనక్కి తిప్పాను, టీ తాగడానికి వెళ్ళాను.

ఎనిమిది గంటలకి బావమరిది ఎక్కాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, అదొక్కటే ఆ రోజు మేం చేసిన మంచి పని. ఇసుక తిన్నెకి ఒకవైపు గాలి తోసిన మెత్తటి వాలుంటుంది. శిఖరం దాటగానే రెండోవైపు ముప్పై డిగ్రీలు దాటిన ఏటవాలు. అందుకని శిఖరం దగ్గరికి రాగానే ఆక్సిలరేటర్ వదిలేసి, నెమ్మదిగా తొంగి చూసి దిగాలి. అతనికి అదే చెప్పాం. అతనూ అదే చేశాడు. వదిలేశాడు. బండి మాత్రం వదలలేదు. ఆ నాలుగు లెక్కపెట్టే సమయంలో అది శిఖరం దాటి గాల్లోకి లేచి అవతల పడింది.

మేం పరుగెత్తి వెళ్ళేసరికి బండి ఒక పక్కకి పడి ఇంకా అరుస్తూనే ఉంది. అతను దూరంగా ఇసుకలో కూర్చుని భుజం పట్టుకుని ఉన్నాడు. "బావా, నేను వదిలేశాను. నిజంగా వదిలేశాను" అన్నాడు. నొప్పికంటే ముందు ఆ మాటే చెప్పాడు. తప్పు తనదనుకుంటామేమోనని.

మెడ ఎముక కాదు, దేవుడి దయ. భుజం ముందు అడ్డంగా ఉండే ఎముక విరిగింది. ఆస్పత్రి, ఎక్స్‌రే, ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరగడం. మా ఆవిడ నన్నేమీ అనలేదు. "బండి పాతది, ఏం చేస్తాం" అన్నారు మిత్రులు. నేను తలూపాను. పొద్దున్న నేను విన్న ఆ శబ్దం గురించి ఎవరికీ చెప్పలేదు.

మస్కట్ వచ్చాక ఒక శుక్రవారం మధ్యాహ్నం బండిని స్టార్ట్ చేసి, ఆ శబ్దం ఫోన్లో రికార్డు చేసి నాన్నకి పంపాను. ఏం జరిగిందో చెప్పలేదు, "కొంచెం ట్యూనింగ్ సమస్య" అన్నాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఏరా, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు.

"పలచన మీద నడుస్తోందిరా అది. వదిలితే దిగట్లేదు. ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. ఐడిల్ స్క్రూ ఎవరు బిగించారు?"

"నేనే, నాన్నా."

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఐడిల్ స్క్రూ అబద్ధాలు చెప్పే స్క్రూ, నాన్నా. జబ్బు తగ్గించదు, కనపడకుండా చేస్తుంది. అన్నీ సరి చేశాక చిట్టచివర ముట్టుకోవాలి దాన్ని" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

శ్రోతల్లో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళుంటారు. సర్వర్ నుంచి హెచ్చరిక వస్తుంటే దాని కారణం వెతక్కుండా, ఆ హెచ్చరిక రాకుండా ఆపేసే జూనియర్ని మనం ఏమంటాం? నేను మీటింగులో అందరి ముందు అన్న మాటలు గుర్తొచ్చాయి. అదే పనిని ఇసుక మీద, మా ఇంటి కుర్రాడి కింద చేశాను.

ఆ తర్వాత మూడు వారాంతాలు ఆయన ఫోన్లో చెబుతుంటే నేను చేశాను. ఆ వరస మీకూ చెబుతాను. క్వాడ్ బైక్ కానివ్వండి, ఊళ్ళో ఉన్న పాత బండి కానివ్వండి, మిన్నెసోటాలోనో ఆల్బర్టాలోనో ఉన్న మిత్రుల స్నోమొబైల్ కానివ్వండి, స్లైడు కార్బురేటర్ ఉన్నదానికి ఇదే వరస.

మొదటిది, కార్బురేటర్ని ముట్టుకోకుండా చూడాల్సినవి. ప్లగ్గు బాగుందా, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండి అంచులు సరిగ్గా కూర్చున్నాయా, పెట్రోలు కొత్తదేనా, ట్యాంకు మూతకి గాలి ఆడే కన్నం తెరిచి ఉందా, ఆక్సిలరేటర్ కేబుల్ కి కాస్త వదులుందా. హ్యాండిల్ ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పి చూడాలి. తిప్పినప్పుడు శబ్దం పెరిగితే కేబుల్ లాగుతోందని అర్థం. ఇంజను ఆపి ఆక్సిలరేటర్ నొక్కి వదిలితే స్లైడు "టక్" మని కిందికి పడాలి. ఇసుక రేణువు ఇరుక్కుంటే పడదు.

రెండోది, నాన్న చెప్పిన దొంగగాలి. కార్బురేటర్ కీ ఇంజనుకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. అది పగిలితే, కార్బురేటర్ కొలిచి ఇచ్చిన గాలి కాక వేరే గాలి పక్కదారిన లోపలికి వెళుతుంది. ఇలాంటప్పుడు ఏ జెట్ మార్చినా ప్రయోజనం లేదు. చాలామంది దీనికి మండే స్ప్రేలు కొట్టి చూస్తారు. వేడి ఇంజను మీద అది ప్రమాదం. నాన్న సబ్బునీళ్ళే వాడేవారు. ఇంజను స్లోలో ఉండగా జాయింట్ల చుట్టూ కొద్దికొద్దిగా సబ్బునీళ్ళు పోయాలి. ఎక్కడ పోసినప్పుడు శబ్దం మారుతుందో అక్కడే పగులు. మా బండికి రబ్బరు అడుగుభాగాన, చూపుకి అందని చోట వేలి గోరంత పగులుంది. ఒమాన్ ఎండకి రబ్బరు ఎండి బీటలు వారుతుంది. చలికి బిగుసుకుని ఆ పగులు ఇంకాస్త నోరు తెరిచి ఉంటుందని నాన్న అన్నారు. వాదీ కబీర్ గ్యారేజీల దగ్గర వెతికితే కొత్త రబ్బరు దొరికింది. ఖరీదు ఎంతో చెబితే నాకే సిగ్గేస్తుంది. కుటుంబమంతా ఒక పూట హోటల్లో భోంచేసినంత కూడా కాలేదు.

మూడోది, శుభ్రం చేయడం. పైలట్ జెట్ కన్నం వెంట్రుకంత సన్నం. పాత పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగిలితే మొదట మూసుకుపోయేది అదే. క్లచ్ వైరు పోగు పెట్టి పొడవకూడదు, కన్నం పెద్దదైపోతుంది. నాన్న షెడ్డులో అలా పొడిచిన కుర్రాడికి మొట్టికాయ పడేది. కార్బురేటర్ క్లీనర్ లో నానబెట్టి, గాలి కొట్టాలి. జెట్ ని వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే గుండ్రటి చుక్క కనపడాలి.

నాలుగోది, అసలు ట్యూనింగ్. ఇంజను బాగా వేడెక్కాలి. ఐడిల్ స్క్రూతో స్లో నిలబడేలా చేసి, అప్పుడు ఎయిర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినాలి. ప్రతి పావు చుట్టుకీ కొంచెం ఆగాలి, ఇంజనుకి కొత్త పాళ్ళు అలవాటు కావడానికి సమయం పడుతుంది. ఎక్కడ శబ్దం అన్నిటికంటే ఎత్తుగా, నున్నగా ఉంటుందో అదే దాని చోటు. అప్పుడు ఐడిల్ స్క్రూ తగ్గించాలి. ఎయిర్ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే బిగించే కొద్దీ మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వైపున ఉన్న స్క్రూ అయితే అది పెట్రోలు స్క్రూ, వ్యవహారం తిరగబడుతుంది, విప్పే కొద్దీ చిక్కన. ఈ తేడా తెలియక తలపట్టుకున్నవాళ్ళు చాలామంది.

ఆ మంచి చోటు ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య వస్తే జెట్ సరైనదే. పూర్తిగా బిగించే దగ్గర, అంటే ఒక చుట్టు లోపే వస్తే, ఇంజను ఇంకా పెట్రోలు అడుగుతోందన్నమాట. పైలట్ జెట్ పెద్దది వేయాలి. రెండున్నర దాటాక వస్తే చిన్నది వేయాలి. రబ్బరు మార్చాక కూడా మా బండి అర చుట్టు దగ్గర ఆగింది. విప్పి చూస్తే 27.5 జెట్ ఉంది. 32.5 వేశాం. ఒకటిన్నర చుట్టుకి వచ్చి కూర్చుంది. రేజ్ చేసి వదిలితే వెంటనే కిందికి దిగింది. ఆ శబ్దం నాన్నకి పంపాను. "ఇప్పుడు ఊపిరి తీసుకుంటోంది" అని జవాబొచ్చింది.

ఐదోది, పైమెట్లు. ఆక్సిలరేటర్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోవాలి. మనుషులు లేని తిన్నటి మైదానంలో పూర్తి ఆక్సిలరేటర్ తో కొంత దూరం పోయి, అక్కడికక్కడ ఇంజను ఆపేసి ప్లగ్గు విప్పి చూడాలి. కాఫీ పొడి రంగుంటే మంచిది. తెలుపైతే మెయిన్ జెట్ పెద్దది వేయాలి, మసిబొగ్గులా ఉంటే చిన్నది. తెలియనప్పుడు ఎప్పుడూ చిక్కటి వైపు నుంచి మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారికి ఒకటే మార్పు, చేసిన ప్రతిదీ పుస్తకంలో రాసుకోవాలి. తేదీ, ఆ రోజు ఎండ, ఏ జెట్, ఎన్ని చుట్లు. నాన్న షెడ్డులో గోడ మీద బొగ్గుతో రాసేవారు. నేను చదువుకున్నవాణ్ణి కదా, నోటుబుక్కు పెట్టాను.

ఎండ ఎందుకు రాయాలంటారా? ఆగస్టు మధ్యాహ్నం 45 డిగ్రీల గాలి కంటే, జనవరి పొద్దున 15 డిగ్రీల గాలి సుమారు పదో వంతు ఎక్కువ చిక్కగా ఉంటుంది. ఇంజను అదే గొంతుతో ఎక్కువ బరువు గాలి పీలుస్తుంది. కార్బురేటర్ ఇచ్చే పెట్రోలు మాత్రం అదే పాళ్ళలో పెరగదు. మిశ్రమం పలచబడుతుంది. ఎండాకాలంలో అంతంతమాత్రంగా సరిపోయిన జెట్టు చలికాలంలో చాలదు. మేం ఆగస్టులో స్క్రూ బిగించి దాచిన జబ్బు జనవరిలో బయటపడింది అందుకే.

ఎత్తుకి దీనికి సరిగ్గా వ్యతిరేకం. జబల్ అఖ్దర్ మీద సైఖ్ పీఠభూమి సుమారు రెండు వేల మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ గాలి సముద్రమట్టం కంటే దాదాపు ఐదో వంతు పలచన. కింద సరిగ్గా ఉన్న బండి అక్కడ పొగ కక్కుతూ మూలుగుతుంది, పెట్రోలు ఎక్కువై. అక్కడ చిన్న జెట్ వేసి, తిరిగి దిగేటప్పుడు మార్చడం మరిచిపోతే అసలు ప్రమాదం అప్పుడు. కెనడాలో, మిన్నెసోటాలో స్నోమొబైల్ నడిపే మిత్రులకి ఇది కొత్త కాదు. వాళ్ళ పాత బండ్లతో వచ్చే పట్టికలో ఒకవైపు ఉష్ణోగ్రత, ఒకవైపు ఎత్తు, మధ్యలో జెట్ నంబరు ఉంటాయి. మైనస్ ముప్పైలో ఉన్నవాళ్ళకీ, నలభై ఐదులో ఉన్న మాకూ సూత్రం ఒకటే. చలి పెరిగితే పెద్ద జెట్, ఎత్తు పెరిగితే చిన్న జెట్.

ఇప్పుడు ఇవన్నీ ఎవరికి కావాలంటారేమో. నిజమే, మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ చాలావరకు పోయింది. కంప్యూటరే గాలి లెక్క చూసుకుని పెట్రోలు చిమ్ముతుంది. కానీ మీ గ్యారేజీలో ఉన్న గడ్డి కోసే యంత్రం, మంచు తోసే యంత్రం, కరెంటు పోతే వాడే జనరేటర్ చూడండి. వాటిలో చాలావాటికి ఇంకా ఇదే ఉంది. జెట్లు మార్చే పని వాటికి ఉండదు కానీ, సీజను అయ్యాక పెట్రోలు వదిలేస్తే జిగురు కట్టి, వచ్చే ఏడాది స్టార్ట్ చేసినప్పుడు పైకీ కిందికీ ఊగుతూ నడుస్తుంది. మూలన పెట్టే ముందు ట్యాంకూ, గిన్నే ఖాళీ చేసి పెడితే సగం జబ్బులు రావు. ఇక ఏ యంత్రమైనా సరే, వదిలేసినా వదలకపోతే దాన్ని అక్కడికక్కడ ఆపేయండి. పిల్లల చేతికి ఇవ్వకండి. "చలికి కాబోలు" అనుకోకండి.

చివరగా ఒక్క మాట. ఆ రబ్బరు మార్చిన రోజు రాత్రి మా ఆవిడకి చెప్పాను, ఆ పొద్దున నేను ఆ శబ్దం విన్నానని. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడికి మీరే చెప్పండి" అంది. చెప్పాను. అతను నవ్వి, "పోనీలే బావా, అయితే నేను నిజంగానే వదిలేశానన్నమాట" అన్నాడు. ఆరు వారాలుగా ఆ కుర్రాడు తనని తానే అనుమానించుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. ఆ అనుమానం మాత్రం నేను చెప్పేదాకా అతుక్కోలేదు.

వాళ్ళిద్దరికీ చెప్పి, వాళ్ళ అనుమతితోనే మీకు చెబుతున్నాను. బండి ఇంకా మా దగ్గరే ఉంది. ఆ రక్షణ ఏర్పాటు తిరిగి బిగించాం. మొన్న సెలవులకి గుంటూరు వెళ్ళినప్పుడు నా నోటుబుక్కు నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఒకచోట నేను చుట్ల లెక్క తప్పు రాశానట. పెన్సిల్ తీసుకుని దిద్దారు.